రెండున్నర డిగ్రీల శనివారం

శనివారం. రాత్రి పదకొండు కావస్తోంది.

చేతులు మూడుసార్లు కడిగాను. గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు. నాన్న డిపో నుంచి వచ్చాక పెరట్లో గోలెం పక్కన కూర్చుని ముందు కిరసనాయిలుతో, తర్వాత సున్నిపిండితో చేతులు రుద్దుకునేవాడు. ఆ వాసన నాకు ఇవాళ్టికీ ఇష్టం. ఇక్కడ అమెరికాలో నారింజ వాసన వేసే జిగురు సబ్బొకటి దొరుకుతుంది. పని చేస్తుంది గానీ అది మా పెరడు వాసన కాదు.

మా 1994 టయోటా ఫోర్ రన్నర్ జీపు గరాజ్‌లో స్టాండ్ల మీద నిలబడి ఇవాళ్టికి ఆరు వారాలు. ముందు వైపు ఐఎఫ్ఎస్, అంటే ఏ చక్రానికాచక్రం విడిగా ఊగే సస్పెన్షన్, మొత్తం కోసేసి, ఆ చోట 1985 టయోటా పికప్‌ది సాలిడ్ యాక్సిల్, రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు, ఎక్కిస్తున్నాను. టయోటా అమెరికాలో తన పికప్పులకీ ఫోర్ రన్నర్లకీ ముందు సాలిడ్ యాక్సిల్ ఇచ్చిన చివరి ఏడాది 1985. మరుసటి ఏడాది నుంచి టోర్షన్ బార్ల ఐఎఫ్ఎస్ వచ్చింది. రోడ్డు మీద అదే మెత్తన, కాదనను. ఆఫీసుకి వెళ్ళడానికి ఇంకో కారుంది. ఈ బండి కాలిఫోర్నియా కొండల్లో రూబికాన్ అనే రాళ్ళ దారి కోసం.

ఫోల్సమ్ నుంచి లూన్ లేక్ వెళ్ళి, అక్కడినుంచి రాళ్ళ మీద పడుతూ లేస్తూ పోతే లేక్ టాహో వైపు దిగుతాం. కిందటేడు లూన్ లేక్ నుంచి ఎక్కిన గంటకే కుడివైపు సీవీ జాయింట్, చక్రాన్ని తిప్పే షాఫ్టు చివర వంగే కీలు, పోయింది. ఎడమ చక్రం బండ మీదకెక్కింది, కుడిది గాల్లో వేలాడుతోంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంది, నేను యాక్సిలరేటర్ తొక్కాను. టప్‌మని ఒకటే చప్పుడు. నాలుగు అంగుళాలు ఎత్తు పెంచిన ఐఎఫ్ఎస్‌లో ఆ షాఫ్టులు మామూలుగానే బాగా వాలిపోయి ఉంటాయి, పైగా చక్రం కిందికి జారితే జాయింటు వంగడానికి చోటు మిగలదు. సాలిడ్ యాక్సిల్‌లో ఆ బాధ లేదు. ఒక చక్రం పైకి లేస్తే కావడిలా రెండోది కిందికి దిగి నేలని వెతుక్కుంటుంది, షాఫ్టు మాత్రం గొట్టం లోపల తిన్నగానే ఉంటుంది.

మా బావమరిది ఫోన్‌లో వాదిస్తాడు. "బావా, బెంజి జీ క్లాసుకి కూడా 2018లో ముందు సాలిడ్ యాక్సిల్ తీసేశారు, నువ్వు వెనక్కి వెళ్తున్నావేంటి?" అంటాడు. హైదరాబాదులో వాడు నడిపేది జిమ్నీ. దానికి ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే. ఆ సంగతి గుర్తు చేస్తే రెండు రోజులు ఫోన్ చేయడు.

పొద్దున ఏడింటికి గరాజ్ తలుపెత్తేసరికి చలి లోపలికి కొట్టింది. పోయిన ఆదివారమే ఫ్రేముకి కమాన్ పట్టీల హ్యాంగర్లు, అంటే పట్టీ కొసని పట్టుకునే బ్రాకెట్లు, టాకులు (తాత్కాలికంగా వేసే చుక్క వెల్డింగులు) వేసి నిలబెట్టాను. ఇవాళ వరస ప్రకారం కుడి నకుల్, యాక్సిల్ చివర చక్రాన్ని అటూ ఇటూ తిప్పే కీలు, విప్పి శుభ్రం చేసి బిగించి, బ్రేకు గొట్టాలు కలిపి, సాయంత్రానికి బండిని నేల మీదికి దించాలి. అలా అనుకుని నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, భోజనం అయిపోయింది. నాన్న ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సుల కింద పడుకున్న మనిషి. ఫోన్ యాక్సిల్ కిందకి పెట్టి చూపించాను.

"కాస్టర్ ఎంతొచ్చిందిరా?"

"నాలుగు నాన్నా. కరెక్టుగా ఉంది."

"బండి బరువు పట్టీల మీద ఉండగా చూశావా, స్టాండ్ల మీద ఉండగా చూశావా?"

నేను మాట్లాడలేదు.

"ఖాళీ పట్టీ మీద కొలిచిన కొలత కొలత కాదురా. దించి చూడు." అని టీవీలో వార్తలకి వెళ్ళిపోయాడు.

కాస్టర్ అంటే, చక్రం కుడికీ ఎడమకీ తిరిగే కింగ్ పిన్ గీత పైకొన వెనక్కి ఎంత వాలిందన్న లెక్క. సైకిల్ ముందు ఫోర్కు వాలి ఉంటుంది చూడండి, అదే. సైకిల్ చేతులొదిలేసినా తిన్నగా పోవడానికి ఆ వాలూ ఒక కారణం. బండికి అది చాలకపోతే మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు, హైవే మీద బండి తన దారి తాను వెతుక్కుంటుంది. ఈ యాక్సిల్‌కి నాకు మూడు నుంచి నాలుగు డిగ్రీలు కావాలి.

అనుకున్న పనులన్నీ పక్కన పెట్టి చక్రాలు తగిలించి బండిని దించాను. టాకులు తెగితే బండి నా మీదికి రాకుండా ఫ్రేము కింద అరంగుళం సందుతో స్టాండ్లు అలాగే ఉంచాను. మా చిన్నది బంపర్ మీద నిలబడి పదిసార్లు ఎగిరింది, పట్టీలు సర్దుకోవాలి కదా. నకుల్ మీద స్టీరింగ్ ఆర్మ్ కూర్చునే చదును చోట యాంగిల్ మీటర్ పెట్టాను.

ఒక డిగ్రీ.

మీటర్ తుడిచి మళ్ళీ పెట్టాను. ఒకటే. రెండో వైపూ ఒకటే.

తప్పెక్కడుందో నాకు వెంటనే తెలిసింది, అందుకే ఎక్కువ బాధనిపించింది. ఎత్తు కోసం ఆశపడి ముందు హ్యాంగర్‌ని కావలసినదానికన్నా కిందికి దించి టాకు వేశాను. పట్టీ ముందుకొన కిందికి దిగితే యాక్సిల్ మొత్తం ముందుకి దొర్లుతుంది, కింగ్ పిన్ వాలు తగ్గిపోతుంది. స్టాండ్ల మీద పట్టీలు విల్లులా వంగి ఉండగా అది కనపడలేదు. పట్టీ వెనకకొనని ఫ్రేముకి తగిలించే షాకిల్ అప్పుడు వేరే కోణంలో ఉంది.

అట్టపెట్టె మూత చింపి లెక్క వేశాను. పట్టీ ఈ కన్ను నుంచి ఆ కన్నుకి 44 అంగుళాలు. ముందుకొన రెండంగుళాలు పైకి జరిపితే సుమారు రెండున్నర డిగ్రీలు వస్తాయి, మొత్తం మూడున్నర. బండి ఎత్తు మాత్రం ఒక అంగుళం పోతుంది. ఇంకో దారి, పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య స్టీల్ వెడ్జ్ పెట్టడం. ఎత్తు పోదు, సాయంత్రానికి పని అయిపోతుంది. నాన్న వాళ్ళు డిపోలో వెడ్జులు పెట్టేవాళ్ళే, అందులో తప్పేం లేదు. కానీ అరిగిన పాత బస్సుని సరిచేయడానికి వెడ్జు పెడతారు. కొత్తగా కడుతున్నదాంట్లో నా తప్పు కప్పడానికి పెట్టడం నాకు మనసొప్పలేదు. పోతే అంగుళం పోయింది.

ముందు షాఫ్టు వచ్చి యాక్సిల్‌కి కలిసే పినియన్ మూతి కూడా అదే రెండున్నర డిగ్రీలు కిందికి వాలుతుంది. కాస్టర్ కావాలంటే పినియన్ వదులుకోవాలి, ఇది ఈ పనిలో ఎవరికీ తప్పని బేరం. ఈ యాక్సిల్‌కి, చక్రాల్ని షాఫ్టుల నుంచి విడదీయడానికి చేత్తో తిప్పే లాకింగ్ హబ్బులున్నాయి కాబట్టి నాకు నష్టం లేదు. హైవే మీద హబ్బులు వదిలేస్తే ముందు షాఫ్టు అసలు తిరగదు, తిరగనిది వణకదు. రాళ్ళ మీద మనం పోయేదేమో నడక వేగం.

పదింటికి బండిని మళ్ళీ స్టాండ్ల మీదికి ఎక్కించి గ్రైండర్ పట్టుకున్నాను. పోయిన వారం ముచ్చటపడి వేసిన టాకులు, ఎనిమిది. ఒక్కొక్కటీ కోస్తుంటే నిప్పురవ్వలు గరాజ్ గుమ్మం దాకా పోయాయి. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "అయిపోయిందన్నారుగా మొన్న?" అంది. సంగతి చెప్పాను. "అయితే ఇవాళే తెలియడం మంచిదైంది," అని రెండు పెసరట్లు అక్కడే పనిబల్ల మీద పెట్టి వెళ్ళింది. ఒక చేత్తో అట్టు తింటూ ఇంకో చేత్తో ఫ్రేము మీద సుద్దగీతలు గీశాను.

మధ్యాహ్నం హ్యాంగర్లు పైకి జరపకముందే కుడి నకుల్ పని చూసుకున్నాను, మెటల్ చల్లారే లోపు. ఆ ఒక్క గంట హాయిగా గడిచింది. నలభై ఏళ్ళ నాటి నకుల్ విప్పితే లోపల గ్రీజు గ్రీజులా లేదు. లోపలి సీలు పోయి డిఫరెన్షియల్ నూనె అందులోకి కారి, పలచటి నల్లటి పులుసైంది. గుడ్డలతో తోడి, లోపల షాఫ్టు వంగే బర్‌ఫీల్డ్ జాయింటుని పెట్రోలులాంటి ద్రావకంలో కడిగితే ఆరు ఉక్కు గుండ్లూ అద్దాల్లా బయటపడ్డాయి. ఒక్క గీత లేదు. మా చిన్నది ఒక గుండుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ దొర్లించింది. కొత్త సీలు కొట్టి, కొత్త గ్రీజు గుప్పిళ్ళతో కూరాను. ఇరుసుకి కందెన పెట్టడమంటే ఎద్దులబండికైనా దీనికైనా ఒకటే తీరు, వేళ్ళతో లోపలికంటా నెట్టాలి.

బేరింగులు ఎంత బిగువుగా ఉన్నాయో చూడ్డానికి నకుల్ చివర స్ప్రింగ్ కాటా తగిలించి లాగాలి. మన వీధుల్లో పాత పేపర్లు కొనేవాళ్ళ చేతిలో వేలాడే కాటా లాంటిదే. తొమ్మిది పౌండ్ల దగ్గర కదిలింది. మాన్యువల్ చెప్పిన హద్దుల్లోనే ఉంది.

తర్వాతదంతా కొలతలే. ఫ్రేము నుంచి నేలకి తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు వేలాడదీసి, నేల మీద సుద్దతో చుక్కలు పెట్టి, హ్యాంగర్లు రెండంగుళాలు పైకి జరిపి, చెరి నాలుగు టాకులు వేశాను. ఇవి కూడా టాకులే. చివరి వెల్డింగ్ సర్టిఫికెట్ ఉన్న ఒక వెల్డర్ వచ్చి చేస్తాడు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నడిపే బండికి, ముందు పట్టీలు పట్టుకునే చోట నా వెల్డింగ్ చాలదు.

ఏడున్నరకి మళ్ళీ దించాం. మళ్ళీ బంపర్ మీద పది గెంతులు, ఈసారి లెక్క పైకే పెట్టింది. మీటర్ 3.4 చూపించింది. రెండో వైపూ 3.4.

అంతే ఇవాళ్టి పని. బ్రేకు గొట్టాలు డబ్బాలోంచి బయటికి రాలేదు. స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే డ్రాగ్ లింక్ గోడకి ఆనించింది ఆనించినట్టే ఉంది. యాక్సిల్ పాత ఐఎఫ్ఎస్ కన్నా సుమారు మూడంగుళాలు ఇరుకు కాబట్టి చక్రాల్ని బయటికి జరపడానికి చెరోవైపు ఒకటిన్నర అంగుళాల స్పేసర్లు రావాలి, అవీ ఇంకా రాలేదు.

మీటర్ ఫొటో తీసి నాన్నకి పంపాను. అక్కడ ఆదివారం పొద్దున. స్నానం చేసి, అన్నం తిని, ఇది రాయడానికి కూర్చున్నాక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల అమ్మ దేవుడి గదిలో గంట కొడుతోంది. "బాగుందిరా. మూలమట్టం చూశావా? ఎడమ హ్యాంగర్ నుంచి వెనక కుడి మూలకి, కుడి హ్యాంగర్ నుంచి వెనక ఎడమ మూలకి. రెండూ కలవాలి."

చూడలేదు. రాస్తున్నది ఇక్కడ ఆపి గరాజ్‌లోకి వెళ్ళొచ్చాను. పిల్ల పడుకుంది, టేపు రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక అయస్కాంతంతో అతికించి, నేల మీద పాకుతూ రెండుసార్లు కొలిచాను. ఎనిమిదో వంతు అంగుళం తేడా ఉంది. కుడి హ్యాంగర్ మీద సుద్దతో వెనక్కి ఒక బాణం గీసి, లైటు ఆర్పేసి వచ్చాను.