ఎండలో వచ్చిన క్రిస్మస్

మెల్‌బోర్న్‌లో కాపురం పెట్టిన నాలుగో నెలలో మాకు క్రిస్మస్ వచ్చింది. గుంటూరులో మా వీధిలో లూథరన్ కుటుంబాలు చాలా ఉండేవి కాబట్టి ఆ పండుగ మా పిల్లలకు కొత్తది కాదు. డిసెంబరు రాగానే గుమ్మాల్లో వెలిగే నక్షత్రాలు, అర్ధరాత్రి డప్పుతో వచ్చి పాడే కేరల్స్ బృందం, పక్కింటివారు పంపే కేకు వారికి తెలుసు. అవే రోజుల్లో మా వాకిట్లో ధనుర్మాసపు ముగ్గులు, గొబ్బెమ్మలు ఉండేవి. తెల్లవారుజాము చలి మాత్రం రెండు పండుగలకూ ఉమ్మడి ఆస్తి.

ఇక్కడ ఆ చలే లేదు. బడులు మూసి పిల్లలకు వేసవి సెలవులు ఇచ్చారు. బర్క్ వీధిలోని మయ్యర్ దుకాణం 1956 నుంచి ఏటా క్రిస్మస్‌కు అలంకరించే అద్దాల కిటికీలను చూడటానికి టోపీలు పెట్టుకొని, చెమటలు తుడుచుకుంటూ వరుసలో నిలబడ్డాము. ఊరి నుంచి మడిచి తెచ్చిన కాగితపు నక్షత్రాన్ని ఎంతో మురిపెంగా వరండాలో కట్టాము గానీ, సూర్యుడు అస్తమించేసరికే రాత్రి ఎనిమిదీ నలభై దాటేది. అది వెలిగేదాకా మేలుకుంటానని పట్టుబట్టిన నాలుగేళ్ళ అబ్బాయి ఒక్క రాత్రి కూడా చీకటిని చూడకుండానే నిద్రపోయాడు.

పండుగనాడు పక్కింటి పెద్దావిడ మమ్మల్ని మధ్యాహ్న భోజనానికి పిలిచారు. నేను పులిహోర పట్టుకెళ్ళాను. చల్లటి రొయ్యలు, పావ్‌లోవా అనే గుడ్డు తెల్లసొన మిఠాయి తిన్నాక, తలల మీద కాగితపు కిరీటాలతోనే అందరూ పెరట్లో క్రికెట్ మొదలుపెట్టారు. బంతి కంచె దాటితే ఆరు పరుగులతో పాటు ఔటు కూడా అని చెప్పగానే మా ఆయన ముఖం వెలిగిపోయింది. బంతి ఎదురింట్లో పడితే ఔటన్న మా వీధి చట్టానికి అది చుట్టమే మరి.

ఇక్కడికి వచ్చేముందు, పిల్లలకు ఏ పండుగ మిగులుతుందో, ఏది పోతుందో అని దిగులు పడ్డాను. తీరా చూస్తే పండుగలన్నీ ఉన్నాయి, వాటి కింది ఋతువే జారిపోయింది. పిల్లలకు అది పట్టలేదు. డిసెంబరు అంటే ఈత కొలను అని వారం రోజుల్లోనే వారికి స్థిరపడింది, తడబడింది నేనే.

సంక్రాంతికి ఉత్తరాయణం, పగలు పెరుగుతుంది అని అలవాటుగా చెప్పబోతే, "ఇక్కడ తగ్గుతోంది కదమ్మా" అంది తొమ్మిదేళ్ళ అమ్మాయి. తేల్చుకోవడానికి ఇద్దరం క్రిస్మస్ మర్నాటి నుంచి పెరట్లో బట్టలు ఆరేసే స్తంభం నీడ కొసను, సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చే ఒంటిగంటా ఇరవైకి, సుద్దతో గుర్తు పెట్టాము. ఇక్కడ సూర్యుడు ఉత్తరాన ఉంటాడు కనుక నీడ దక్షిణానికి పడుతుంది. సంక్రాంతి నాటికి అది నాలుగు వేళ్ళ మేర పొడుగైంది. అంటే సూర్యుడు నిజంగానే ఉత్తరానికి కదులుతున్నాడు, పగలు మాత్రం కుదించుకుపోతోంది.

భోగి మంట మాట ఎత్తితే, ఈ ఎండల్లో ఆరుబయట నిప్పు కూడదని అమ్మాయే ఫోనులో అమ్మమ్మకు వివరించింది. "పోనీలే, పిల్లాడికి భోగిపళ్ళైనా పొయ్యండి" అంది అమ్మ. రేగుపళ్ళు దొరకలేదు. చెర్రీల కాలం కావడంతో చిల్లర నాణేలు, పూల రేకులు కలిపి వాటినే పోశాము. వాడి తెల్ల చొక్కా మీది మరకలు ఇప్పటికీ వదల్లేదు.