నానో సెన్సర్లలో ఆకారమే అసలు సంగతి

ఒంటికి అతికించుకునే ట్రాన్సిస్టర్ సెన్సర్ల (అణువు వచ్చి వాలితే తమలో పారే కరెంటు మారి, దాన్ని పసిగట్టేవి) గురించి చదివినప్పుడల్లా నేను ముందు వెతికేది పదార్థం పేరు కాదు, దాని ఆకారం. చెమటలోని విద్యుదావేశమున్న అణువు ఒకటి మందపాటి సిలికాన్ పొర మీద వాలితే పెద్దగా తేడా పడదు, ఎందుకంటే కరెంటు చాలావరకు లోపల్నుంచే పోతుంది. అదే ఒక నానోమీటరు (మీటరులో వంద కోట్లో వంతు) వెడల్పున్న కార్బన్ నానోట్యూబ్, అంటే కార్బన్ పరమాణువుల బోలు గొట్టం అయితే దాని పరమాణువులన్నీ పైపైనే ఉంటాయి, చిన్న తాకిడి కూడా కరెంటులో కనిపిస్తుంది.

గ్రాఫీన్, అంటే ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ రేకు, ఇంకా పల్చన, 0.34 నానోమీటర్లే. చర్మంతో పాటు వంగుతుంది. కాకపోతే పూర్తిగా ఆఫ్ అవదు, అంటే అందులో కరెంటు పూర్తిగా ఆగదు, అదొక్కటే నాకు బాధ.

ఇంకో చిక్కు ఉప్పు. చెమటలోని ఉప్పు నుంచి వచ్చే అయాన్లు (ఆవేశమున్న కణాలు) చుట్టూ మూగి అణువు ఆవేశాన్ని కొద్ది నానోమీటర్లలోనే కప్పేస్తాయి. అందుకే గ్రాఫీన్‌ని కావాలనే ముడతలు పెడుతున్నారు, ఆ ముడతల లోతుల్లో సిగ్నల్ ఇంకాస్త దూరం నుంచి కూడా అందుతుంది. ఎంత బాగుందో!