మాల్టాలో ఎర్ర బురుజు ఎక్కండి

మధ్యధరా సముద్రంలోని ద్వీపదేశం మాల్టా వెళ్లిన మనవాళ్లు చాలామంది రాజధాని వాలెట్టా వీధులు తిరిగి, కొమినో ద్వీపం దగ్గర నీలి నీళ్లలో ఈత కొట్టి వచ్చేస్తారు. మెల్లీహా ఊరు దాటాక కొండ మీద కనిపించే ఎర్రటి కోటను మాత్రం బస్సు కిటికీలోంచి ఫోటో తీసుకుని వదిలేస్తారు. మా తమ్ముడు అక్కడే ఉద్యోగం చేస్తున్నా వాడూ అన్నాళ్లూ ఎక్కలేదట, నేను పట్టుబట్టి తీసుకెళ్లాను.

ఆదిరా బీచ్ దగ్గర బస్సు దిగి పైకి నడిచాం. దారిలో నీడ అసలు లేదు. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ కట్టడం బలం తెలుస్తుంది: నాలుగు మూలలా నాలుగు బురుజులు, సుమారు 4 మీటర్ల మందం గోడలు, తలుపు దాకా నిటారుగా మెట్లు. దీని అసలు పేరు సెయింట్ అగాథా టవర్, ఎర్ర రంగు వల్ల అందరూ రెడ్ టవర్ అనే అంటారు. మాల్టాను ఏలిన సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ సైనిక సంఘం వాళ్లు, లస్కారిస్ తమ గ్రాండ్ మాస్టర్‌గా, అంటే అధిపతిగా ఉన్నప్పుడు, 1647-49 మధ్య కట్టించారు. లోపల 30 మంది సైనికులు, 40 రోజుల ముట్టడిని తట్టుకునేంత తిండి, మందుగుండు ఉండేవట.

తలుపు దగ్గర కూర్చున్న పెద్దాయన, వలంటీరే, మమ్మల్ని చూడగానే “ముందు పైకి వెళ్లండి, లోపల తర్వాత చూడొచ్చు” అన్నారు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

పైన నిలబడితే ఒకవైపు జలసంధి, దానిలో చిన్న కొమినో ద్వీపం, దాని వెనక గోజో ద్వీపం. కొమినో కొండ అంచున 1618లో కట్టిన సెయింట్ మేరీ టవర్ విడిగా కనబడుతుంది. ఇటు తిరిగితే కింద మెల్లీహా అఖాతం, మాల్టాలో అన్నిటికన్నా పెద్ద ఇసుక తీరం. ద్వీపంలో చాలాచోట్ల ఒడ్డంతా రాయే, పడవలు ఒడ్డుకు లాగి సైన్యాన్ని దింపడానికి ఇలాంటి ఇసుక చోటు దొరికితే శత్రువుకు అంతకన్నా కావలసిందేముంది? ఇప్పుడు అక్కడ గొడుగుల కింద పిల్లలు ఆడుకుంటున్నారు.

ముప్ఫై మంది ఒక నౌకాదళాన్ని ఆపలేరు. వాళ్ల అసలు పని చూడటం, చూసింది వెంటనే పక్క బురుజుకు చెప్పడం. పగలు పొగ, రాత్రి మంట. 1658-59లో మార్టిన్ డి రెడిన్ అనే గ్రాండ్ మాస్టర్ తీరం వెంట మరో 13 చిన్న బురుజులు కట్టించాడు, ఒకదాని నుంచి ఇంకొకటి కనిపించేలా. దాంతో గోజో వైపు కనబడిన తెరచాపల సంగతి బురుజు నుంచి బురుజుకు, పరుగుపందెంలో కర్ర చేతులు మారినట్టు, వాలెట్టా చేరేది.

ఇదంతా ఎందుకో తెలియాలంటే 1551 గుర్తు చేసుకోవాలి. ఆ ఏడు జులైలో ఒట్టోమన్ తుర్కుల సేనానులు తుర్గుత్ రయీస్, సినాన్ పాషాల దళాలు గోజో కోటను పట్టుకుని సుమారు 5,000 మందిని బానిసలుగా పట్టుకెళ్లాయి, అంటే దాదాపు ద్వీపం మొత్తాన్ని. బురుజు మీద నుంచి ఆ గోజోనే చూస్తుంటే ఆ అంకె చదివినప్పటికన్నా వేరేగా తగులుతుంది. ఈ బురుజుల వరసంతా పూర్తయ్యేసరికి వందేళ్లు దాటిపోయాయి.

లోపల గదులు చల్లగా ఉన్నాయి. నేల మీద చెక్క పరిచారు, మధ్యలో అమర్చిన అద్దాల్లోంచి పాత రాతి పలకలు కనిపిస్తాయి, బాగా దెబ్బతిన్నవి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఇక్కడ సైనికులున్నారు. ఆ తర్వాత రాడార్ స్టేషన్‌గా కూడా వాడారు, చివరికి పాడుబడింది. దిన్ లార్ట్ హెల్వా అనే స్వచ్ఛంద సంస్థ 1999లో పని మొదలుపెట్టి 2001కి మళ్లీ నిలబెట్టింది. ఇప్పటికీ చూసుకునేది వాళ్లే. మన తీరంలో భీమిలి దగ్గరి డచ్ కట్టడాలకూ ఇలా ఓపిగ్గా చూసుకునేవాళ్లు దొరకాలని గట్టిగా కోరుకున్నాను.

వెళ్లేవాళ్లు ఉదయాన్నే వెళ్లండి, నీళ్లు, టోపీ తప్పనిసరి. నడుపుతున్నది వలంటీర్లు కాబట్టి ఆ రోజు ఎప్పుడు తెరుస్తారో ముందే చూసుకోండి. అక్కడి నుంచి చిర్కెవ్వా రేవు దగ్గరే, ఫెర్రీ ఎక్కి అదే రోజు గోజో కోట కూడా చూడొచ్చు, మేం అలాగే చేశాం.