నర్మదమ్మను కుడిచేతి వైపు ఉంచుకుని

నర్మద పరిక్రమ అంటే నదిని కుడిచేతి వైపు ఉంచుకుని ఒక ఒడ్డున సముద్రం దాకా, రెండో ఒడ్డున నది పుట్టిన చోటి దాకా నడిచి, బయల్దేరిన చోటికే తిరిగి రావడం. నర్మద పొడవు 1,312 కి.మీ. రెండు ఒడ్లూ కలిపితే 2,600 దాటుతుంది. ఆనకట్టల వెనక నీళ్లు నిలిచినచోట దారి చుట్టు తిరుగుతుంది కాబట్టి కాళ్ల లెక్క ఇంకా ఎక్కువే. రోజుకు 20–25 కి.మీ. నడిస్తే నాలుగైదు నెలలు పడుతుంది. చాతుర్మాస్యంలో నడవరు గనుక కార్తీక శుద్ధ ఏకాదశి దాటగానే బయల్దేరితే, ఎండలు ముదిరేలోగా చాలా దూరం వచ్చేస్తాం.

నేను ఖండ్వాలో రైలు దిగి, బస్సులో ఓంకారేశ్వరం చేరాను. పుష్కరాలకు వెళ్లిన మనవాళ్లకు తెలిసిన ఊరే. కానీ పరిక్రమకు వచ్చినవాళ్లకు ఇక్కడే ఒక మెలిక ఉంది. ఓంకారేశ్వరుడి గుడి నది మధ్య లంకలో ఉంది. సంకల్పం చెప్పుకున్నాక నదిని దాటకూడదు. వంతెన మీదుగా లంకలోకి వెళ్లినా దాటినట్టే. అందుకే ఆ దర్శనం ముందే ముగించుకుని, దక్షిణపు ఒడ్డున మమలేశ్వరం వైపు వచ్చి మొదలుపెట్టాలి. చిన్న సీసాలో నర్మద నీళ్లు పట్టుకుంటాం. ఉదయం, సాయంత్రం పూజ దానికే. ఆధార్ నకళ్లు, ఫొటోలు ఇచ్చి పరిక్రమ పత్రం తీసుకోవాలి. దారిలో ఆశ్రమాల దగ్గర, పంచాయతీల దగ్గర దాని మీద ముద్రలు వేయించుకుంటూ పోవాలి. అదనంగా ఆరేడు నకళ్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి.

సంచి ఆరు కిలోలు దాటనివ్వొద్దు. రెండు జతల బట్టలు, పల్చటి చాప, కంబళి, దోమతెర, టార్చి, పళ్లెం, గ్లాసు, ఒక చిన్న గిన్నె చాలు. గిన్నె అనవసరమనిపిస్తుంది గానీ, కొన్నిచోట్ల వండిన భోజనం బదులు సదావ్రతం ఇస్తారు: పిండి, పప్పు, ఉప్పు. మనం స్వయంపాకం అంటామే, అదే. ఇక అన్నం మీద ఆశ పెట్టుకోకండి. మందపాటి టిక్కడ్ రొట్టెలూ, కిచిడీయే ఎక్కువ. ఒక పచ్చడి పొట్లం దగ్గరుంటే నాలుక్కి ప్రాణం లేచొస్తుంది.

నడక చెడేది మొదటి పది రోజుల్లోనే. కొత్త ఉత్సాహంలో రోజుకు 35 కి.మీ. నడిచేవాళ్లకు అరికాళ్లలో బొబ్బలు, మోకాలి కింద ఎముక నొప్పి తప్పవు. దానికి తారు రోడ్డు కూడా కారణమే: మట్టి బాట కొంచెం చుట్టయినా కాళ్లకు అదే మేలు. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోవాలి, సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి. మడమ దగ్గర మంట మొదలవగానే ఆగి టేపు వేసుకోవాలి. ఊరు వచ్చాక చూద్దామనుకుంటే అప్పటికే బొబ్బ లేస్తుంది. ఇద్దరుంటే ఒకరైనా ఆగమంటారు. ఒంటరిగా నడిచేవాళ్లు ఆ మాట తమకు తామే చెప్పుకోవాలి. స్నానానికి దిగేటప్పుడు సంచి చూసే మనిషి కూడా ఉండరు కాబట్టి ఫోను, డబ్బు, పత్రం ఆశ్రమంలో ఎవరికైనా అప్పగించి దిగండి. కర్ర తప్పనిసరి. ఊరి కుక్కలకు ఒంటరి మనిషంటే అలుసు.

దారి తప్పితే "నర్మదే హర్" అని పలకరించి, మయ్యా (నర్మదమ్మ) ఎటు అని అడిగితే చాలు. ఉపనదులు దాటొచ్చు. మహేశ్వర్ కోట ఎదుటి ఒడ్డున కళ్ల ముందే కనిపిస్తుంది, కానీ అక్కడ కాలు పెట్టేది ఉత్తరపు ఒడ్డున తిరిగొచ్చేటప్పుడే. బడవానీ దాటాక వచ్చే శూలపాణి అడవిలో ఒకప్పుడు ఒంటిమీది బట్టలతో సహా దోచేవాళ్లని పేరు. ఇప్పుడు అక్కడివాళ్లే టీ ఇచ్చి కూర్చోబెడతారు. కొండ ఎక్కుదిగుళ్లు ఎక్కువ, రోజుకు 15 కి.మీ. నడిచినా గొప్పే.

గుజరాత్‌లో కఠ్‌పోర్ నుంచి ఎదుటి ఒడ్డున మీఠీ తలాయికి పడవలో వెళ్లాలి. నది సముద్రంలో కలిసే చోటు కాబట్టి దాన్ని దాటినట్టు లెక్కించరు. పోటు వస్తేనే పడవ కదులుతుంది, ఆ వేళ రోజూ మారుతుంది. ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. పడవ ఆలస్యమైతే ఆవలి ఒడ్డున బురదలో దిగాల్సి వస్తుంది, బూట్లు ముందే విప్పి మెడలో వేసుకోవాలి. సంగమం దగ్గర, నది పుట్టే అమరకంటకంలో సీసాలోని నీళ్లు కాస్త ఒంపి, అక్కడివి కలుపుకుంటారు. అమరకంటకం వెయ్యి మీటర్లకు పైన ఉంటుంది, కంబళి విలువ ఆ రాత్రే తెలుస్తుంది. అక్కడ మాయీ కీ బగియా అనే తోట చుట్టి వస్తేనే దక్షిణపు ఒడ్డు మళ్లీ మొదలు.

ఓంకారేశ్వరం తిరిగొచ్చాక కన్యాపూజ చేసి, వంతెన దాటి, సీసాలోని నీళ్లు స్వామికి సమర్పించాలి. సోమవారం మాత్రం పెట్టుకోవద్దు, వరస కదలదు.