బావ కొన్న నలభై ప్రొఫైళ్లు

మా బావది వరంగల్ కొత్తవాడ. దర్రీల పని, వాళ్ల నాన్న కాలం నుంచీ ఇదే. దర్రీ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, జంపఖానా, పెళ్లిళ్లలో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా పరిచి జనాన్ని కూర్చోబెట్టేవాళ్లు చూడండి, అది. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే ముద్ర, వచ్చాక బావకు ఊపొచ్చింది, మనకూ ఒక వెబ్‌సైట్ ఉండాలన్నాడు. హన్మకొండలో నేను చేసేది ఆ పనే కాబట్టి డబ్బులడిగే మొహం నాకు లేదు, అక్క చేతి చాయ్‌లు తాగి చేసిపెట్టాను. సైట్ బాగానే వచ్చింది. చూసేవాళ్లే లేరు. దాదాపు రెండేళ్లు దాన్ని తెరిచింది బావ, అక్క, నేను, ఎప్పుడన్నా దారితప్పి వచ్చినవాళ్లు.

పోయిన బతుకమ్మ పండగప్పుడు బావ ఫోన్. "బామ్మర్దీ, ఒకాయన దొరికిండు. లింక్డ్‌ఇన్ల నలభై ప్రొఫైళ్లు జేసి అన్నిట్ల మన సైట్ లింక్ పెడ్తడట. రెండు నెలల్ల గూగుల్ మొదటి పేజీకొస్తదట. పన్నెండు వేలే." లింక్డ్‌ఇన్ అంటే ఉద్యోగాల వాళ్లు, వ్యాపారాల వాళ్లు తమ గురించి రాసుకునే సైట్, ఆ ఒక్కొక్కరి పేజీనే ప్రొఫైల్ అంటారు. వద్దు బావా అని నేను నోరు తెరిచేలోపే తెలిసింది, సగం డబ్బులు అప్పటికే ఫోన్‌పేలో వెళ్లిపోయాయని. నన్ను అడగడానికి చేసిన ఫోన్ కాదది, చెప్పడానికి చేసింది.

రెండు నెలలు కాదు, నాలుగు నెలలు చూశాం. మా సైట్ ఎక్కడుందో అక్కడే ఉంది. ఆ నలభై ప్రొఫైళ్లలో సగం పైన మాయమయ్యాయి. అసలు పేరుతో, అసలు మనిషే ఖాతా తెరవాలన్నది లింక్డ్‌ఇన్ నియమం, దొంగ ఖాతాలు కనబడితే తీసేస్తుంది. ఆయనకు ఫోన్ చేస్తే "అల్గారిథం మారింది సార్" అన్నాడు. ఈ ముక్క వాళ్లకు భలే పనికొస్తుంది లెండి, వర్షం పడలేదని చెప్పినట్టు.

అల్గారిథం అంటే ఏ సైట్ పైన, ఏది కింద అని గూగుల్ వేసే లెక్క. నిజానికి అది మారాల్సిన అవసరమే లేదు. ఆ లింకులకు మొదటి రోజు నుంచే బలం లేదు. ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కు లింక్ ఇస్తే అది ఓటు లాంటిది, గూగుల్ పుట్టిందే ఆ ఆలోచన మీద, 1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రాసిన పేజ్‌ర్యాంక్ అదే. ఓటుకు విలువుందని తెలిశాక దొంగ ఓట్లు రాకుండా ఉంటాయా? బ్లాగుల కింద కామెంట్లలో లింకులు కుమ్మరించడం మొదలైంది. దానికి అడ్డుకట్టగా 2005 జనవరిలో నోఫాలో అనే గుర్తు తెచ్చారు. లింక్ పక్కన హెచ్‌టీఎంఎల్‌లో, అంటే పేజీ వెనకాల ఉండే కోడ్‌లో, ఆ మాట ఉంటే "ఈ లింక్‌కు మా పూచీ లేదు" అని సైట్ యజమాని చెప్తున్నట్టు. ఎవరు పడితే వాళ్లు వచ్చి రాసుకునే పెద్ద సైట్లు చాలావరకు బయటి లింకులకు ఈ గుర్తు తగిలిస్తాయి, లింక్డ్‌ఇన్ కూడా అంతే. పైగా పోస్టులో పొడుగాటి లింక్ పెడితే దాన్ని తన సొంత పొట్టి అడ్రస్‌గా మార్చేసి, నొక్కినవాళ్లను చుట్టూ తిప్పి పంపిస్తుంది. 2019 సెప్టెంబర్‌లో గూగుల్ కొంచెం మాట మార్చి, నోఫాలోను ఆజ్ఞలా కాకుండా సూచనలా చూస్తామంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని "ఇప్పుడు లెక్కలోకి వస్తాయి" అని ప్యాకేజీలు అమ్మేవాళ్లున్నారు. సూచన అంటే గూగుల్‌కు నచ్చితే చూస్తుందని, నలభై దొంగ ఖాతాలకు దండం పెడుతుందని కాదు. ఇలా కృత్రిమంగా లింకులు పోగేసిన సైట్లను కిందికి తొయ్యడానికి 2012 ఏప్రిల్‌లోనే పెంగ్విన్ అప్‌డేట్ తెచ్చారు. మా సైట్‌కు ఏ శిక్షా పడలేదు, అంత చిన్న సైట్‌ను పట్టించుకున్నట్టే లేదు.

లైకుల గొడవ కూడా ఇక్కడే చెప్పేస్తా. పోస్టుకు వంద లైకులొస్తే సైట్ పైకొస్తుందనుకుంటారు. 2014 జనవరిలోనే, అప్పుడు గూగుల్‌లో ఉన్న మాట్ కట్స్ ఒక వీడియోలో ఫేస్‌బుక్, ట్విట్టర్ లైకులు, ఫాలోవర్ల లెక్కలు ర్యాంకింగ్‌లో వాడట్లేదని చెప్పాడు. అయినా వినరు.

సరే, డబ్బులు పోయాయి. అప్పుడు బావ అడిగాడు, "మరి లింక్డ్‌ఇన్‌తోని ఏం ఫాయిదా లేదా?" అని. ఇక్కడ నేనూ కొంచెం తడబడ్డాను, ఎందుకంటే ఉంది. లింక్ ఇచ్చే బలం వేరు, గుర్తింపు ఇచ్చే బలం వేరు. మీ పేరు గూగుల్‌లో కొట్టి చూడండి, లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ ఉంటే చాలాసార్లు మొదటి పేజీలోనే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ సైట్‌కు ఉన్న పలుకుబడి అంతటిది. మన సైట్‌కు లేని పలుకుబడిని ఆ పేజీ మీద కూర్చుని వాడుకోవచ్చన్నమాట. నలభై దొంగ మనుషులు అక్కర్లేదు, ఒక్క నిజం మనిషి చాలు.

బావకు ప్రొఫైల్ అంతకుముందే ఉంది. ఎవడో పిల్లాడు చేసిపెట్టాడట. పేరు కింద "ఫౌండర్ అండ్ సీఈవో" అని ఉంది. మా బావ పొద్దున ఆరింటికి మగ్గం ముందు కూర్చుంటాడు, సీఈవో ఎక్కడ! బావ పేరున్నవాళ్లు తెలంగాణలోనే ఎంతమందో, సీఈవోలు అంతకన్నా ఎక్కువ. "దర్రీలు నేసేవారు, కొత్తవాడ, వరంగల్" అని ఇంగ్లీషులో మార్చాను, జీఐ సంగతి కూడా అక్కడే పెట్టాను. పేరు కింద ఉండే ఈ వరుసను హెడ్‌లైన్ అంటారు, దానికి 220 అక్షరాల దాకా చోటుంటుంది, జనం దాన్ని ఖాళీగా వదిలేస్తారు. గూగుల్‌లో ఫలితం కింద చూపించే రెండు ముక్కలు తరచూ ఈ హెడ్‌లైన్ నుంచో, మన గురించి రాసుకునే అబౌట్ అనే భాగం మొదటి వాక్యాల నుంచో వస్తాయి, అందుకే అబౌట్ మొదలుపెట్టడమే "ఇరవై అయిదేళ్లుగా కొత్తవాడలో మగ్గం మీద" అని పెట్టాం. బావకు కొంచెం బాధేసింది, సీఈవో పోయిందని.

తర్వాతవి చిన్న పనులు. ప్రొఫైల్ అడ్రస్‌లో పేరు చివర వచ్చే చెత్త అంకెలు తీసేసి, పేరూ ఊరూ వచ్చేలా మార్చడం. పబ్లిక్ ప్రొఫైల్ సెట్టింగ్ తెరిచి ఉందో లేదో చూడటం, ఎందుకంటే అది మూసి ఉంటే గూగుల్‌కు ఏమీ కనిపించదు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేట్ విండోలో, లాగిన్ కాకుండా మీ పేజీ మీరే తెరిచి చూసుకోండి, బయటివాళ్లకు ఏం కనిపిస్తుందో అర్థమవుతుంది. ఇటు సైట్‌లో "మా గురించి" పేజీలో బావ ఫొటో, ప్రొఫైల్ లింక్ పెట్టాం. హెచ్‌టీఎంఎల్‌లో స్కీమా అనే ముక్కలో సేమ్‌యాజ్ అని ఒక వరుస ఉంటుంది, అందులో లింక్డ్‌ఇన్ అడ్రస్ రాస్తే ఈ సైట్ మనిషీ ఆ ప్రొఫైల్ మనిషీ ఒకరేనని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పినట్టు. దాంతో ర్యాంక్ ఎగిరి పడుతుందని నేను చెప్పను, అయోమయం తగ్గుతుంది, అంతే. 2022 డిసెంబర్‌లో గూగుల్ తన నాణ్యత మార్గదర్శకాల్లో "అనుభవం" అనే మాట చేర్చింది, చేసి చూసినవాళ్లు రాసిందా కాదా అని. అది నేరుగా ర్యాంక్ లెక్క కాదు. కానీ మగ్గం మీద అరిగిన వేళ్లున్న మనిషి చెప్పుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇంతలో నేనొక పిచ్చిపని చేశాను. దర్రీని ఎలా ఉతకాలి, రంగు ఎలా నిలుస్తుంది అని సైట్‌లో ఒక మంచి వ్యాసం రాశాం. అదే యథాతథంగా లింక్డ్‌ఇన్‌లో ఆర్టికల్‌గా పెట్టాను. పది రోజులకు వెతికితే మాది ఎక్కడా లేదు, లింక్డ్‌ఇన్‌లో ఉన్నదే పైన ఉంది. తప్పు నాదే. ఒకే రాత రెండు చోట్ల ఉంటే గూగుల్ ఒకదాన్నే చూపిస్తుంది, పెద్ద సైట్‌లో ఉన్న నకలే గెలవచ్చు, అసలుది మాదని చెప్పే కెనానికల్ సదుపాయం లింక్డ్‌ఇన్ ఆర్టికల్‌లో మనకు దొరకదు. తీసేసి, నాలుగు వాక్యాలు, మగ్గం మీద తీసిన ఒక చిన్న వీడియో పెట్టి, మిగతాది సైట్‌లో చదవండి అని రాశాను.

అసలు మార్పు అక్కడి నుంచి వచ్చింది. బెంగళూరులో ఇళ్లకు లోపలి అలంకరణ చేసే ఒకావిడ ఆ వీడియో చూసి, గూగుల్‌లో బావ పేరు కొట్టి, సైట్‌కొచ్చి, ఫోన్ చేసింది. బావ ఇంగ్లీషుకు భయపడి ఫోన్ అక్కకిచ్చాడు. ఆవిడ ఆరు దర్రీలు తీసుకుంది, తర్వాత తన బ్లాగులో కొత్తవాడ మగ్గాల గురించి రాసి మా సైట్‌కు లింక్ ఇచ్చింది. ఆ పేజీ వెనకాల కోడ్ తెరిచి చూశాను, నోఫాలో లేదు. అది నిజం ఓటు. ఆవిడ రాసింది చదివి ఇంకొకరు, హైదరాబాద్‌లో ఒక చేనేత సైట్ నడిపేవాళ్లు, రాశారు. పన్నెండు వేలకు కొన్న ఆ నలభై లింకులు చేయలేనిది ఈ రెండూ చేశాయి. గూగుల్‌లో ఏం వెతికితే మన సైట్ కనిపించిందో చూపించే సెర్చ్ కన్సోల్‌లో ముందు బావ పేరుతో వెతికినవాళ్లు కనిపించారు, తర్వాత "వరంగల్ దర్రీ" అని వెతికినవాళ్లకు మేం మూడో పేజీ నుంచి రెండో పేజీకి వచ్చాం. మొదటి పేజీ ఇంకా కాదు, అక్కడ పెద్ద పెద్ద అమ్మకం సైట్లు తిష్ఠ వేసుకుని ఉన్నాయి. కానీ "కొత్తవాడ దర్రీ నేసేవాళ్లు" అని కొడితే మేమే పైన.

మిగిలింది స్పెల్లింగ్. ఇంగ్లీషులో రాస్తే కొత్తవాడ ఒకచోట హెచ్‌తో ఉంది, ఒకచోట హెచ్ లేకుండా, గూగుల్ మ్యాప్‌లో ఇంకోరకం, షాపు బోర్డు మీద మరోరకం. లింక్డ్‌ఇన్‌లో, సైట్‌లో సరిచేశాను. బోర్డు మార్చాలంటే బావ "పెయింటర్‌కు మళ్లా పైసలా?" అంటున్నాడు, ఆదివారం పోయి ఆ హెచ్ ఒక్కటి నేనే రాసొస్తా.