సైకిల్‌కి క్యారియర్, ఆఫీసు బ్యాగు: కుడివైపు బోల్టుతో నా అనుభవం

క్యారియర్ ఇవాళ్టికి కుదురుగా నిలబడింది. అన్ని గేర్లూ పడుతున్నాయి, చైన్ దేనికీ తగలడం లేదు. షాపులో చేసిన పనంతా విప్పి మళ్లీ బిగించాల్సి వచ్చింది. ఆ కోపం చల్లారకముందే వివరాలన్నీ రాస్తున్నాను.

సైకిల్ గేర్ల హైబ్రిడ్: అల్యూమినియం ఫ్రేమ్, 700సి చక్రాలు, డిస్క్ బ్రేకులు. క్యారియర్ ఎంచుకోవడం పెద్ద విషయం కాదు. 25 కిలోలు అని ముద్ర ఉండి, కాళ్ల పొడవు మార్చుకునే వీలున్నది తీసుకోండి. సీటు కడ్డీని మాత్రమే పట్టుకుని వెనక్కి వేలాడే రకం వద్దు. లాప్‌టాప్, టిఫిన్ డబ్బా, తాళం గొలుసు పెట్టేసరికి గుంత గుంతకీ పక్కకి తిరుగుతుంది. పాత నల్ల సైకిళ్ల ఇనుప క్యారియర్‌కి కాళ్లు వెనక ఇరుసు నట్టు కింద దూరతాయి. క్విక్ రిలీజ్ (చేత్తో లివర్ తిప్పి విప్పే) చక్రానికి ఆ నట్టే ఉండదు, కాబట్టి అదీ కుదరదు.

ఫ్రేమ్‌లో నాలుగు మర కన్నాలు ఉన్నాయేమో చూడాలి: సీటు కింద రెండు, ఇరుసు దగ్గర రెండు. పైవి లేకపోతే చెవులున్న సీటు క్లాంపు దొరుకుతుంది. సీటు కడ్డీ దూరే ఫ్రేమ్ గొట్టం బయటి కొలత వెర్నియర్‌తో చూసుకుని కొనండి. అల్యూమినియం ఫ్రేములకి ఎక్కువగా 31.8 లేదా 34.9 మి.మీ. ఉంటుంది. బోల్టులు ఎం5 (5 మి.మీ. లావు), వాటికి 4 మి.మీ. అలెన్ కీ. కొత్త సైకిల్ అయితే కన్నాల్లో పెయింటు పేరుకుని ఉంటుంది. బోల్టు మొదటి రెండు చుట్లూ వేళ్లతోనే తిరగాలి. తిరక్కపోతే ఎం5, 0.8 ట్యాపు (మర కోసే పనిముట్టు) ఒకసారి దింపి మర శుభ్రం చేయాలి. అల్యూమినియం మెత్తన, బోల్టు వంకరగా ఎక్కిందంటే ఆ మర పోయినట్టే.

ఇక కుడివైపు కింది బోల్టు. ఈ కన్నం చిన్న పళ్లచక్రానికి ఎదురుగా, లోపలికి తెరుచుకుని ఉంటుంది. బోల్టు కొస ఫ్రేమ్ లోపలి అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు వచ్చినా చాలు, టాప్ గేరులో చైన్ దాన్ని రాసుకుంటుంది. గేరు మారేటప్పుడు చైన్ కాస్త పైకి లేస్తుంది కదా, అప్పుడు ఆ కొసకి తగులుకుని పెడల్ ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. వెనక బస్సు వస్తుండగా అలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

షాపులో డబ్బాలోంచి చేతికందిన 20 మి.మీ. బోల్టు తీసి ఎక్కించారు. చైన్ కటకటలాడుతోందని చూపిస్తే బోల్టు మార్చలేదు. డీరైలర్ (చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) మీద హెచ్ అని రాసి ఉండే స్క్రూ బిగించి, చైన్ చిన్న పళ్లచక్రం మీదికే పోకుండా చేశారు. “సిటీలో టాప్ గేరు ఎవరికి కావాలి సార్?” అన్నారు, పక్కన నలుగురు కస్టమర్లు నవ్వుతుండగా. డబ్బు తీసుకుని ఒక గేరు పీకేయడం రిపేరు కాదు. మెకానిక్ అన్నవాడు స్కేలు పెట్టి బోల్టు కొలవడానికి అర నిమిషం పడుతుంది.

లెక్క ఇలా చూసుకోవాలి. ఫ్రేమ్ చెవి మందం 6 మి.మీ., క్యారియర్ కాలి పట్టీ 4, వాషర్ 1, మొత్తం 11. అంటే 12 మి.మీ. బోల్టు సరి. మీ ఫ్రేమ్ కొలతలు వేరు కావచ్చు, చక్రం తీసి కొలవండి. కొస లోపలి అంచుకి దాదాపు సమంగా ఉండాలి, ఒక మిల్లీమీటరుకి మించి బయటికి రాకూడదు. మరీ లోతుగా ఉంటే పట్టు చాలదు. సరైన పొడవు దొరక్కపోతే కోసుకోవచ్చు, కానీ ముందు బోల్టుకి నట్టు ఎక్కించి, ఆ తర్వాత కోసి, ఆకురాయితో అంచు తీసి, నట్టుని వెనక్కి విప్పండి. కోతలో నలిగిన మర అదే సరవుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో స్టెయిన్‌లెస్ ఎం5 బోల్టులు రకరకాల పొడవుల్లో విడిగా ఇస్తారు. తర్వాత హెచ్ స్క్రూ వదులు చేసి, వెనక నుంచి చూస్తే డీరైలర్‌లోని రెండు బుల్లి చక్రాల్లో పైది చిన్న పళ్లచక్రానికి సూటిగా కిందికి వచ్చేలా తిప్పాలి.

ఎడమవైపు చిక్కు డిస్క్ క్యాలిపర్‌ది, అంటే డిస్క్‌ని నొక్కిపట్టే బ్రేకు భాగానిది. అది సీటు నుంచి వెనక ఇరుసుకి దిగే గొట్టం మీద ఉంటే క్యారియర్ కాలికి అడ్డం. కాలిని వంచుతామంటారు, ఒప్పుకోకండి. వంచిన అల్యూమినియం ఆ చోటే పగులుతుంది. 10 లేదా 12 మి.మీ. స్పేసర్ పెట్టి కాలిని బయటికి జరపాలి, బోల్టు అంతే పొడవు పెరగాలి. క్యారియర్ పక్కకి పోకుండా కుడివైపు కూడా అంతే స్పేసర్ వేయండి. స్పేసర్ పెరిగేకొద్దీ బోల్టు మీద వంపు భారం పెరుగుతుంది, కాబట్టి అవసరమైనదానికి మించి వద్దు. బోల్టులన్నిటికీ నీలం థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక్కో చుక్క. ఎరుపుది వేస్తే మళ్లీ విప్పడం నరకం.

బ్యాగు పక్కకి వేలాడే పానియర్. కొక్కేల్లో ఇచ్చే ప్లాస్టిక్ ముక్కలు క్యారియర్ కడ్డీ లావుకి సరిపోయేవి వేయాలి. వదులుగా ఉంటే గతుకుల్లో కడ్డీ అరుగుతుంది. ఆఫీసు బూట్లు వేసుకుని పెడల్ వెనక్కి తిప్పి చూడండి. మడమ తగిలితే బ్యాగు వెనక్కి జరపాలి. బరువైనవి అడుగున, ముందువైపు. లాప్‌టాప్ చక్రం వైపు గట్టి అట్టకి ఆనించి, కింద మెత్తటి ఫోమ్. సాంబారు డబ్బా లాప్‌టాప్ పక్కన ఎంత గట్టి మూత ఉన్నా పెట్టకండి. ఒకే బ్యాగైతే ఎడమవైపే నా ఓటు: కుడివైపు ఆటోలు రాసుకుంటూ పోతాయి. కాకపోతే సైడ్ స్టాండు కూడా ఎడమకే, బరువుతో పడిపోతుంది, అందుకే ముందు బ్యాగు దించి తర్వాత స్టాండు వేయాలి. వర్షాకాలానికి మూతి మూడు మడతలు చుట్టే రకం బ్యాగు, దానితో పాటు మడ్‌గార్డు. నీళ్లు పైనుంచి కంటే చక్రం నుంచే ఎక్కువ కొడతాయి.

సీటు కడ్డీ మీది ఎర్ర లైటు క్యారియర్ పైన పెట్టిన సామానుకి కనపడకుండా పోతుంది, దాన్ని క్యారియర్ వెనక పలక మీదికి మార్చండి. బోల్టు తల మీంచి క్యారియర్ మీదికి గోళ్లరంగుతో ఒక గీత గీస్తే, బోల్టు వదులైనప్పుడు గీత విడిపోయి కనిపిస్తుంది. మొదటి వారం రోజూ ఆ నాలుగు గీతలూ చూడండి, తర్వాత నెలకోసారి చాలు.