హార్డ్ డిస్క్ రొద, పెరట్లో ఎర్త్ గొయ్యి: నా అనుభవం

కంప్యూటర్ షాపువాడు "ఎర్తింగ్ ప్రాబ్లం" అన్నాడని వెంటనే గునపం పట్టుకోకండి. పెరట్లో గొయ్యి తవ్వించి, బస్తా బొగ్గూ బస్తా ఉప్పూ పోయించి, ఇంటి ఓనరమ్మ చేత నానా మాటలూ పడ్డాక చెప్తున్న మాట ఇది. కంప్యూటర్లో హార్డ్ డిస్క్ రొద మొన్ననే తగ్గింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాసేస్తున్నా.

మాది పర్లాకిమిడి. జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా, ఇంట్లో మాట తెలుగు. పక్కనే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. మా వైపు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియా చదువుతారు, తెలుగు అక్షరం కనబడితే దిక్కులు చూస్తారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరికి ఈ గతి పట్టడమేమిటని, రిటైరయ్యాక చిన్న చిన్న కథలూ పాఠాలూ చదివి రికార్డు చేసి తెలిసినవాళ్ళ పిల్లలకి పంపుతున్నాను. గుణుపురం, రాయగడ దాకా వెళ్తున్నాయి నా పాఠాలు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కాస్త గొప్ప కోసమే.

రికార్డింగ్ ఎప్పుడూ రాత్రి భోజనాలయ్యాకే. వీధి సద్దుమణగాలి, ఫ్యాన్ ఆపాలి, చెమటలు కారుతున్నా ఓర్చుకోవాలి. అంత చేసినా, పాత డిస్క్ నిండిపోయిందని షాపులో 4 టీబీ కొత్త హార్డ్ డిస్క్ వేయించుకున్న దగ్గర్నుంచి మైకులో ఒక రొద చేరింది. ఊఁ అని మెల్లగా మొదలై, పెరిగి, బల్ల కూడా సన్నగా వణికేదాకా వచ్చి, మళ్ళీ తగ్గి, దాదాపు పోయినట్టే పోయి, మళ్ళీ లేస్తుంది. ఒకే తీరుగా మోగితే చెవి అలవాటు పడిపోతుంది. ఇది అలవాటు పడనివ్వదు.

ఇక షాపు సంగతి. ఊళ్ళో పేరున్న షాపే. పేరు రాయను. కేబినెట్ ఆటోలో పెట్టుకుని తీసుకెళ్ళాను. షాపు రోడ్డు మీద, ముందు ఆటో స్టాండు, పక్కన వెల్డింగు కొట్టు. అక్కడ ఆన్ చేసి, కుర్రాడు కేబినెట్ మీద చెయ్యి వేసి, "ఏదీ మాస్టారూ సప్పుడు? ఏటీ లేదు కదా" అన్నాడు. ఆ గోలలో రైలింజను పెట్టినా వినబడదు. రాత్రి పూట మా ఇంటికి రమ్మన్నాను. ఓనరు నవ్వాడు. ఓ సాఫ్ట్‌వేర్ తెరిచి, నీలం రంగులో 'గుడ్' అని ఉన్నది చూపించి, "డిస్క్ హెల్త్ బ్రహ్మాండంగా ఉంది, కంప్యూటరన్నాక ఆమాత్రం ఉంటాది" అన్నాడు. డిస్క్ ఆరోగ్యం గురించి నేను అడగలేదు. పాడైన సెక్టార్లు, అంటే డేటా రాసే గళ్ళు, ఉన్నాయా, వేడెంత అనేవే ఆ సాఫ్ట్‌వేర్ చెప్తుంది. డిస్క్ ఎంత మోగుతోందో దానికేం తెలుస్తుంది?

రికార్డింగ్ వినిపించాను. ఫోను చెవికి పెట్టుకుని రెండు సెకన్లు విని, "ఇది కరెంటు హమ్మింగు. మీ ఇంటికి ఎర్తింగ్ సరిగా లేదు" అని తేల్చేశాడు. ఎలక్ట్రీషియన్‌ని కూడా ఆయనే పంపాడు. వచ్చిన మనిషి ప్లగ్గులో టెస్టర్ పెట్టి, పెదవి విరిచి, పెరట్లో నూతి గట్టు పక్కన గొయ్యి తవ్వాలన్నాడు. మనిషి లోతు గొయ్యి, నిలువుగా జీఐ (జింకు పూత ఇనప) పైపు, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, పైన మట్టి, రోజూ బిందెడు నీళ్ళు పోయాలి. మా ఓనరమ్మ కొంగు దోపుకుని గట్టు మీద నిలబడి, "బాబూ, అద్దెకిచ్చింది గదులు గానీ పెరడు తవ్వుకోమని కాదు, ఈ ఉప్పుకి నా కరివేపాకు చెట్టు చచ్చిపోతే ఎవుల్ని అడగాలి?" అని వీధి వీధంతా వినేలా అడిగింది. ఉప్పు బస్తా నేనే మోశాను.

ఆ రాత్రి ఆన్ చేశాను. ఊఁ అని లేచింది.

మర్నాడు షాపుకి వెళ్ళేసరికి లోపల నలుగురైదుగురున్నారు. వాళ్ళలో ఒకడు నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడు, ఇప్పుడు ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం. లేచి నమస్కారం పెట్టాడు. అతని ముందే ఓనరు, "మాస్టారూ, మెషీన్లో ఏమీ లేదు, ఎర్తింగూ అయిపోయింది. ఈసారి బరంపురం వెళ్తే ఒకసారి చెవులు చూపించుకోండి, వయసులో ఇలాంటివి మామూలే" అన్నాడు. షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు. శిష్యుడు నవ్వలేదు, తల వంచుకుని ఫోను చూసుకున్నాడు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్ళు బల్ల వెనక నిలబడి చివరి బెంచీ వాడి గుసగుస పట్టుకున్న చెవులివి. సమాధానం తెలియనప్పుడు అడిగినవాడికే రోగం అంటగట్టడం ఈ రోజుల్లో ప్రతి కౌంటరు దగ్గరా నేర్చుకున్న విద్య అయిపోయింది. తెలియదు అంటే వీళ్ళ సొమ్మేం పోతుందో!

ఇంటికొచ్చి లెక్క వేయడం మొదలుపెట్టాను. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు ఊగుతుంది. కరెంటు వల్ల వచ్చే హమ్మింగు 50 దగ్గరో, 100 దగ్గరో, 150 దగ్గరో పడాలి. నా కొత్త డిస్క్ మీద 7200 ఆర్‌పీఎం అని ఉంది. నిమిషానికి 7200 చుట్లంటే సెకనుకి 120. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాట లేని చోట కొన్ని సెకన్ల ముక్క కత్తిరించి, స్పెక్ట్రమ్, అంటే ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఎంత చప్పుడుందో చూపే గీత, గీయమన్నాను. సైజు 8192 పెట్టాలి. చిన్న సైజు పెడితే 100, 120 కలిసి ఒకే దిబ్బలా కనబడతాయి. గీత లేచింది 120 దగ్గర. వంద దగ్గర ఏదో చిన్న బొడిపె, అంతే. అమెరికాలో అయితే కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి దాని రెట్టింపు కూడా 120 అయి, అక్కడివాడు తికమక పడేవాడు. మనకి ఆ ఇబ్బంది లేదు. ఉప్పూ బొగ్గూ అక్కడికక్కడే దండగని తేలిపోయింది.

కానీ అది పెరిగి తగ్గడం ఎందుకో నాకు అంతు చిక్కలేదు. దాన్ని పట్టుకున్నది మా పెద్దమావయ్య. విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న మనిషి. చుట్టపుచూపుగా వచ్చి, రాత్రి మా గదిలో పడుకుని, లైటు తీశాక, "ఒరేయ్, ఇక్కడ రెండు తీగలున్నాయిరా, శ్రుతి కలవలేదు" అన్నాడు. రెండు తీగలు దాదాపు ఒకే శ్రుతిలో ఉండి వెంట్రుకవాసి తేడా ఉంటే నాదం అలా అలలుగా లేస్తుందట. ఆ అల ఆగేదాకా బిరడ తిప్పడమే శ్రుతి చేయడమంటే. నా కేబినెట్లో డిస్కులు రెండు. పాతదీ 7200, కొత్తదీ 7200. రెండింటి వేగంలో నిమిషానికి ఓ పదిహేను చుట్ల తేడా ఉన్నా చాలు, నాలుగు సెకన్లకోసారి అల లేస్తుంది. మావయ్య లేచి కూర్చున్నాడు. కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ వైరు పీకి ఆన్ చేశాను. రొద ఉంది, అల లేదు. ఆపి, అది పెట్టి కొత్తదాని వైరు పీకాను. అప్పుడూ అంతే. రెండూ కలిపితే మళ్ళీ ఊఁ. చెవుల డాక్టరు ఖర్చు మిగిలింది.

ఇక విరుగుడు. డిస్కులో రెండు రకాల చప్పుళ్ళుంటాయి. ఫైళ్ళు వెతికేటప్పుడు డిస్క్ లోపల చదివే చెయ్యి అటూ ఇటూ కదిలే కరకర ఒకటి, పళ్ళేలు తిరిగే రొద ఇంకొకటి. కరకర తగ్గడానికి విండోస్‌ని చిన్న ఎస్‌ఎస్‌డీలోకి (లోపల తిరిగేదేమీ లేని డిస్క్) మార్చాను, చాలా మటుకు పోయింది. పాత డిస్కుల్లో ఏఏఎం అని ఆ చెయ్యి కదిలే వేగం మార్చే ఒక సెట్టింగ్ ఉండేది. 128 పెడితే నెమ్మదిగా, 254 పెడితే వేగంగా చెయ్యి కదులుతుంది. నా పాతదానికి పనిచేసింది, కొత్తదానికి అసలు ఆ సెట్టింగే లేదు. దానికీ తిరిగే రొదకీ సంబంధం లేదు కాబట్టి దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

తిరిగే రొద డిస్క్‌లోంచి నేరుగా చెవికి వచ్చేది కొంచెమే. అది స్క్రూల గుండా కేబినెట్ రేకులోకి దిగి, రేకు మొత్తం మోగుతుంది. తంబురాలో తీగ సన్నగానే పలుకుతుంది, గది నింపేది కింది బుర్ర. కొనే ముందు డేటాషీటులో చప్పుడు ఎన్ని బెల్స్ (చప్పుడు కొలత) అని చూసి మురిసిపోయేవాళ్ళకి ఒక మాట: మీ రేకుడబ్బాకి బిగించాక ఎంత మోగుతుందో ఆ అంకెలో ఉండదు. అరిగిన హవాయి చెప్పు కోసి కేబినెట్ కాళ్ళ కింద పెట్టాను, బల్ల వణుకు ఆగింది. అదే ముక్క డిస్క్ కింద పెట్టి, పైనుంచి మామూలు స్క్రూ బిగిస్తే మాత్రం ఏమీ లాభం లేదు. రబ్బరుని పక్కకి నెట్టేసి వణుకు స్క్రూలోంచే పోతుంది.

అందుకని స్క్రూలే లేకుండా డిస్క్‌ని వేలాడదీశాను. పాత కేబినెట్లలో పైన డీవీడీ డ్రైవ్ పెట్టే గూడు ఉంటుంది. దాని వెడల్పు 146 మిల్లీమీటర్లు, డిస్క్ వెడల్పు 102 లోపే. అటూ ఇటూ రెండేసి సెంటీమీటర్ల ఖాళీ. బజార్లో టైలరింగ్ సామాన్ల కొట్టుకి వెళ్ళి పిల్లల నిక్కర్లకి వేసే ఎలాస్టిక్ అడిగితే, మా ఆవిడ తలుపు దగ్గరే నిలబడి, "అర లక్ష మెషీన్‌కి నిక్కరు నాడా కడతారా?" అంది. గూటి కన్నాల్లోంచి ఎలాస్టిక్ ఇంటూ ఆకారంలో లాగి, మధ్యలో డిస్క్ దోపాను. ఏప్రిల్ వేడికి ఆ ఎలాస్టిక్ సాగిపోయి డిస్క్ కిందికి జారడం మొదలెట్టింది. దాన్ని తీసేసి, బండి వెనక సామాను కట్టే గుండ్రటి ఎలాస్టిక్ తాడులో సన్నరకం తెచ్చి కట్టాను. కదల్లేదు.

కట్టేటప్పుడు మూడు చూసుకోండి. డిస్క్ మీద మూయకూడదు అని రాసి ఉన్న చిన్న గాలి కన్నం మీదికి తాడు రాకూడదు. కింది సర్క్యూట్ పలక రేకుకి తగలకూడదు. డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ బిగుతుగా లాగి ఉంచితే ఆ కేబుల్ గుండానే వణుకు రేకుకి చేరుతుంది, వదులుగా వంపు ఇవ్వండి. ఇదంతా కంప్యూటర్ ఆపి వైరు పీకాకే, తిరిగే డిస్క్‌ని కదపకూడదు. ఇంకోటి, మీ డిస్క్ రొద కాకుండా టక్కు టక్కుమని లెక్కగా కొడుతుంటే తాడూ గీడూ పక్కన పెట్టి ముందు లోపలున్నది ఇంకోచోటికి కాపీ చేసుకోండి. అది చావుబతుకుల చప్పుడు.

వేలాడదీస్తే ఒక నష్టం ఉంది. బిగించి ఉన్నప్పుడు డిస్క్ వేడి రేకులోకి పోయేది, ఇప్పుడు పోదు. నాది 41 డిగ్రీలున్నది 49కి వెళ్ళింది. చాలా డిస్కులకి కంపెనీ ఇచ్చే హద్దు 60, కానీ మే నెల ముందుంది. ముందువైపు పెద్ద ఫ్యాన్ ఒకటి పెట్టి, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో, వేగం బాగా తగ్గించాను. 43కి దిగింది, ఫ్యాన్ చప్పుడు వినబడదు.

పాత డిస్క్‌ని కేబినెట్‌లోంచి తీసేసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టాను. అవసరమైనప్పుడే తగిలిస్తాను. దాంతో అలల గొడవ పూర్తిగా పోయింది. ఇప్పుడు మైకులో 120 దగ్గర చిన్న గుర్తు ఉంది, వినడానికి లేదు. అన్నీ ఎస్‌ఎస్‌డీలే పెట్టుకోవచ్చు కదా అంటారు. 4 టీబీ ఎస్‌ఎస్‌డీ ధర చూసి మాట్లాడండి, పెన్షన్ మీద బతికేవాణ్ణి. మళ్ళీ కొంటే 5400 ఆర్‌పీఎందే కొంటాను. పాఠాలు దాచుకోవడానికి 7200 వేగం ఎందుకు? షాపువాడు అడగకుండానే అంటగట్టాడు.

ఆ గ్రాఫు ప్రింటు తీసి షాపుకి పట్టుకెళ్ళాను. ఓనరు తిప్పి చూసి, "బావుంది మాస్టారూ" అని వెనక్కిచ్చాడు. ఎర్తింగ్ డబ్బులు ఎలక్ట్రీషియన్‌ని అడగమన్నాడు. ఎలక్ట్రీషియన్ ఫోనెత్తడం లేదు.

వేలాడదీసిన డిస్క్‌తో కేబినెట్‌ని ఎక్కడికీ మోయకండి. ఆటో కుదుపులకి అది ఊగి గూటికి కొట్టుకుంటుంది. తీసిన స్క్రూలు నాలుగూ చిన్న కవర్లో వేసి కేబినెట్ లోపలి వైపే టేపుతో అంటించాను. ఎక్కడికైనా తీసుకెళ్ళాల్సి వస్తే తాడు విప్పి మళ్ళీ బిగించుకోవడమే.